వరండా లైటు కింద పూయని చేమంతి

2023 డిసెంబరు రెండో వారంలో ఒక సాయంత్రం, క్రిస్మస్ స్టార్ కట్టడానికి వెదురు కర్ర కోసం పెరట్లోకి వెళ్ళాను. మామూలుగా అటు వెళ్ళేదాన్ని కాదు. మా ఆయన పోయాక పెరటి తలుపుకి గడియ పెట్టి ఉంచడం అలవాటైపోయింది. పనిమనిషి వచ్చినప్పుడు తీయడం, ఆమె వెళ్ళగానే వేసేయడం, అంతే. కర్ర నీళ్ళ తొట్టి వెనక గోడకి ఆనించి ఉండాలి. తొట్టి చుట్టూ తిరిగి వెళ్ళేసరికి గోడ మూలన పసుపు రంగు కనిపించింది.

పగిలిపోయిన పెయింటు బకెట్లో చేమంతి పూసి ఉంది. ఒకటీ రెండూ కాదు, కొమ్మలు బరువుకి నేల మీదికి వాలిపోయేటంతగా పూసింది. ఆ మొక్కకి నేనెప్పుడూ నీళ్ళు పోయలేదు. బట్టలు ఉతికిన నీళ్ళు, తొట్టి నిండి పొర్లిన నీళ్ళు తప్ప దానికి ఇంకేమీ అంది ఉండవు. ఎరువు అసలే లేదు. నిలబడే లెక్కపెట్టాను. విచ్చినవి పదిహేడు. మొగ్గలు లెక్కపెట్టే ఓపిక లేకపోయింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

ఎందుకంటే ఇంటి ముందు వరండా మెట్ల పక్కన నేను చంటిపిల్లల్ని సాకినట్టు సాకుతున్న పదకొండు బకెట్లలో ఒక్క మొగ్గ కూడా లేదు. ఆ యేడూ లేదు, అంతకుముందు యేడూ లేదు. అన్నీ ఒకే తల్లి మొక్క పిలకలే.

మా ఆయన గూడ్సు బండి గార్డు. డ్యూటీకి టైమంటూ ఉండేది కాదు. రాత్రి పదకొండింటికి పిలుపు వచ్చేది, తెల్లవారుజామున మూడింటికి ఇంటికి వచ్చేవారు, ఒక్కోసారి రెండు రోజులకి వచ్చేవారు. అందుకని ఆయన డ్యూటీకి వెళ్ళిన రాత్రుళ్ళు వరండా లైటు వేసి ఉంచేదాన్ని. వచ్చాక ఆయనే ఆపేసి లోపలికి వచ్చేవారు. ఆ స్విచ్చు టక్కుమన్న శబ్దం నిద్రలోనే వినపడేది, అటు తిరిగి పడుకునేదాన్ని. ముప్ఫై ఒక్క సంవత్సరాల కాపురంలో నాకు బాగా గుర్తున్న శబ్దం అదే.

చేమంతులు ఆయనవి. కడియం నర్సరీల నుంచి ఒకసారి నాలుగు పిలకలు తడి గోనెగుడ్డలో చుట్టి తెచ్చారు. ప్రతి జనవరిలో పూలు అయిపోగానే కొమ్మలు జానెడు ఎత్తుకి కోసేసేవారు. మొదట్లోంచి పిలకలు వస్తే జూన్, జూలైల్లో విడదీసి వేరే బకెట్లలో నాటేవారు. ఆగస్టులో తలలు తుంచేవారు, పక్క కొమ్మలు రావాలని. పేనుబంక పడితే కుంకుడు నీళ్ళు కొట్టేవారు. అన్నీ పెరట్లో తొట్టి పక్కనే ఉండేవి. నవంబరు చివరికల్లా విచ్చుకునేవి. క్రిస్మస్ రోజు చర్చికి ఒక బుట్టెడు పూలు మా ఇంటి నుంచే వెళ్ళేవి.

2021 మే నెలలో ఆయన పోయారు. ఆ నెలలో పోయినవాళ్ళ ఇళ్ళల్లో ఏం జరిగిందో మీకు చెప్పనక్కర్లేదు. సమాధి దగ్గర నలుగురు మనుషులు, ఒక ప్రార్థన. పాట పాడలేదు. మా అమ్మాయి బెంగళూరు నుంచి రాలేకపోయింది, వీడియో కాల్‌లో చూసింది. నేను ఏడవలేదు. అందరూ నన్ను ధైర్యం గల మనిషి అన్నారు.

ఆ రాత్రి వరండా లైటు వేశాను. తర్వాత ఆపలేదు.

ఎందుకు ఆపలేదు అంటే, భయం అని అందరికీ చెప్పేదాన్ని. ఒంటరి ఆడమనిషి ఇల్లు, లైటు ఉంటే మంచిది కదా. మా అమ్మాయి కూడా, “అమ్మా, లైటు తీయకు” అనేది. అది నిజమే. కానీ ఆపడానికి ఆయన రావాలి అన్న మాట కూడా మనసులో ఎక్కడో ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. పాత బల్బు కాలిపోతే ఎలక్ట్రీషియన్ చేత పెద్ద ఎల్‌ఈడీ పెట్టించాను. పట్టపగల్లా ఉండేది. లోపల హాల్లో టీవీ సౌండు తగ్గించి వదిలేసేదాన్ని. మెలకువ వస్తే ఫోను తీసేదాన్ని. వాట్సాప్‌లో సంఘంవాళ్ళు పంపిన వాక్యాలు, పాటలు, ఓదార్పు వీడియోలు ఒకదాని తర్వాత ఒకటి చూస్తూ పడుకునేదాన్ని. వాళ్ళు ప్రేమతోనే పంపారు, దాన్ని తప్పు పట్టను. కానీ రెండున్నర సంవత్సరాలు నా ఇంట్లో రాత్రి అనేది రానేలేదు.

2022 వేసవిలో చేమంతి బకెట్లన్నీ వరండా ముందుకి మార్పించాను. పెరట్లోకి వెళ్ళబుద్ధి కాదు, ఇక్కడైతే కుర్చీలో కూర్చుని చూసుకోవచ్చు అనుకున్నాను. ఒక బకెట్ అడుగు పగిలి ఉంది, ఎత్తితే మట్టి కారిపోతోందని పనిమనిషి దాన్ని అక్కడే వదిలేసింది.

ముందుకి తెచ్చిన పదకొండూ ఏపుగా పెరిగాయి. ఆకు నల్లగా, దట్టంగా, చేత్తో నలిపితే ఆ ఘాటు వాసన గుప్పుమనేది. నవంబరు పోయింది, డిసెంబరు పోయింది, మొగ్గ లేదు. ఎరువు చాలలేదేమో అనుకుని మరుసటి యేడు పశువుల ఎరువు, వేపపిండి, ఎముకల పొడి వేశాను. ఇంకా ఎత్తు పెరిగాయి, కర్రలు కట్టాల్సి వచ్చింది. మొగ్గ మాత్రం లేదు. ఆయన చెయ్యి లేకపోతే ఇవి కూడా పూయవు అనుకున్నాను. నిజంగా అలాగే నమ్మాను.

నేను ముప్ఫై సంవత్సరాలు జూనియర్ కాలేజీలో బోటనీ చెప్పాను. ఈ మాట రాయడానికి మనసు చివుక్కుమంటోంది. ఎందుకంటే ఆ సాయంత్రం తొట్టి వెనక పదిహేడు పూలు లెక్కపెట్టి, తలెత్తి చుట్టూ చూసి, ఆ మూలకి ఏ లైటూ పడదని గమనించిన క్షణంలో, నేను ప్రతి యేడూ బోర్డు మీద రాసిన పాఠం గుర్తొచ్చింది.

పూలు పూయడానికి పగలు ఎంత పొడవు ఉండాలి అన్న పాఠం అది. మాది పొగాకు పండే ప్రాంతం కాబట్టి పొగాకు కథతోనే మొదలుపెట్టేదాన్ని. అమెరికాలో గార్నర్, అల్లార్డ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మేరీలాండ్ మామత్ అనే పొగాకు రకాన్ని చూశారు. అది వేసవిలో పొలంలో ఆకులు వేస్తూ మనిషిని మించి పెరిగేది కానీ పూసేది కాదు. చలికాలంలో గ్రీన్‌హౌస్‌లో ఉంచితే చిన్న మొక్కగానే పూసేది. వేసవిలో రోజూ సాయంత్రం కాకముందే మొక్కల్ని చీకటి కొట్లోకి తీసుకెళ్ళి పెట్టారు. పూసింది. 1920లో ఆ సంగతి ప్రచురించారు. పగలు చిన్నదైతే పూసే మొక్కలు కొన్ని, పెద్దదైతే పూసేవి కొన్ని, పట్టించుకోనివి కొన్ని. చేమంతి మొదటి రకం.

అయితే అసలు విషయం తర్వాత తేలింది. 1938లో హామ్నర్, బానర్ అనేవాళ్ళు మన రోడ్ల పక్కన బట్టలకి అంటుకునే మరులమాతంగి మొక్క మీద ప్రయోగం చేశారు. పగటి మధ్యలో కాసేపు చీకటి చేస్తే మొక్కకి ఏమీ కాలేదు. రాత్రి మధ్యలో ఒక్క నిమిషం లైటు వేస్తే పూత ఆగిపోయింది. అంటే మొక్క లెక్కపెట్టేది పగటిని కాదు, రాత్రిని. తెగకుండా సాగిన రాత్రిని. ఆకుల్లో ఫైటోక్రోమ్ అనే పదార్థం ఉంటుంది. చీకటి పడగానే అది ఒక రూపం నుంచి ఇంకో రూపానికి నెమ్మదిగా మారుతూ పోతుంది. మధ్యలో ఎర్ర కాంతి తగిలిందా, మళ్ళీ మొదటికి వస్తుంది, లెక్క చెడిపోతుంది. తెల్లగా కనిపించే ఎల్‌ఈడీలో కూడా ఆ ఎరుపు ఉంటుంది. ఎర్ర దీపం చూపిస్తే ఆయన బండి ఆగిపోయేది. మొగ్గ కూడా అంతే.

మా అమ్మాయి దగ్గరికి బస్సులో వెళ్ళేటప్పుడు బెంగళూరు దగ్గరపడేసరికి అర్ధరాత్రి పొలాల్లో వరసగా బల్బులు వెలుగుతూ ఉంటాయి. అవి చేమంతి తోటలే. మొక్క బాగా ఎదిగేదాకా, మార్కెట్లో రేటు వచ్చేదాకా పూత రాకుండా రైతులు లైట్లు పెడతారు. పూయాలి అనుకున్న రోజు ఆపేస్తారు. కిటికీలోంచి చూసి ఎంత అందంగా ఉందో అనుకునేదాన్ని. నేను కూడా నా ఇంటి ముందు అదే పని చేస్తున్నానని తట్టలేదు.

ఇంతవరకు బోటనీ. ఆ సాయంత్రం నన్ను కూలదోసింది మాత్రం బోటనీ కాదు. తొట్టి గట్టు మీద కూర్చున్నాను. ప్రభువా, ఈ మొక్కకి నువ్వు చీకటి కూడా అన్నంలా పెడుతున్నావు, నాకెందుకు పెట్టవు అనుకున్నాను. పెట్టలేదని కాదు. పెట్టాడు. నేనే తినలేదు. లైటు వేసుకుని కూర్చున్నాను.

మన ప్రసంగాల్లో చీకటి అంటే పాపం, సాతాను, అజ్ఞానం. యోహాను సువార్తలో ఆ అర్థం ఉన్న మాట నిజమే. ప్రభువుని పట్టించిన యూదా రొట్టె ముక్క తీసుకుని బయటికి వెళ్ళినప్పుడు రాత్రివేళ అని యోహాను ఊరికే రాయలేదు. కానీ బైబిల్లో ఉన్నది ఆ ఒక్క చీకటే అని నాకు ఎవరు చెప్పారు? ఆ వారమంతా రాత్రి అన్న మాట వచ్చిన చోటల్లా వెతుక్కుంటూ చదివాను. ఆదికాండంలో దేవుడు చీకటిని తీసి పారేయలేదు, దానికి రాత్రి అని పేరు పెట్టాడు. ఇష్టం లేనిదానికి ఎవరైనా పేరు పెడతారా! అక్కడ రోజు మొదలయ్యేది కూడా రాత్రితోనే: “అస్తమయమును ఉదయమును కలుగగా ఒక దినమాయెను.” ముందు అస్తమయం. అబ్రాహాముకి సంతానం గురించి చెప్పినప్పుడు ఆయన్ని బయటికి తీసుకొచ్చి నక్షత్రాలు లెక్కపెట్టమన్నాడు, అంటే రాత్రే. యాకోబుకి నిచ్చెన కనబడింది రాత్రి, పెనుగులాట జరిగింది రాత్రి. ప్రభువు పన్నెండుమంది శిష్యుల్ని ఏర్పరచుకునే ముందు కొండ మీద రాత్రంతా ప్రార్థన చేశాడు. బేత్లెహేము గొర్రెల కాపరులు రాత్రివేళ మందను కాస్తున్నారు కాబట్టే ఆ వార్త ముందు వాళ్ళకి అందింది.

నన్ను ఎక్కువసేపు ఆపింది నిర్గమకాండం ఇరవయ్యో అధ్యాయం. పది ఆజ్ఞలు ఇచ్చాక జనం భయపడి దూరంగా నిలబడ్డారు. మోషే మాత్రం “దేవుడున్న ఆ గాఢాంధకారము” దగ్గరికి వెళ్ళాడు అని ఉంది. ఎన్నిసార్లు చదివానో ఆ అధ్యాయం, ఎన్నిసార్లు సండే స్కూల్లో పిల్లల చేత ఆజ్ఞలు బట్టీ పట్టించానో! ఆ ఒక్క మాట మీద కన్ను పడలేదు. దేవుడు చీకటి అవతల లేడు. చీకటిలో ఉన్నాడు. దూరంగా నిలబడ్డవాళ్ళల్లో నేనూ ఉన్నాను.

డిసెంబరు 17, ఆదివారం. ఆ రాత్రి స్విచ్చు నేనే ఆపాను. ఆ టక్కుమన్న శబ్దానికి గుండె ఝల్లుమంది. టీవీ ప్లగ్గు పీకేశాను. ఫోను వంటింట్లో పెట్టాను. మా అమ్మాయికి ముందే చెప్పాను, ఒకటే టెన్షన్ పడింది. “అయితే గేటుకి తాళం రెండుసార్లు చూసుకో” అంది. చూసుకున్నాను. మంచం మీద కూర్చున్నాను.

ముందు భయమే వేసింది. ఫ్రిజ్ మోటారు ఆగితే కూడా ఉలిక్కిపడ్డాను. కాసేపటికి కిటికీ ఆకారం కనిపించింది, తర్వాత గోడ మీద కేలండర్, ఆయన ఫోటో అంచు. అప్పుడు రైలు వినపడింది. మా ఇంటికి లైను ఎంతో దూరం కాదు. రెండున్నరేళ్ళుగా టీవీ మోతలో నేను తప్పించుకున్న శబ్దం అది. గూడ్సు బండి. చక్రాల చప్పుడు వింటూ పెట్టెలు లెక్కపెట్టబోయాను. ఆయన అలాగే పడుకుని లెక్కపెట్టి చెప్పేవారు. చప్పుడు అయిపోయే చివర్లో బ్రేక్ వ్యాను ఉంటుంది. గార్డు అందులో ఒక్కడే కూర్చుంటాడు. ఆయన చేసిన రోజుల్లో అందులో కరెంటు లైటు ఉండేది కాదు. భయం వేయదా అని పెళ్ళయిన కొత్తలో అడిగాను. “టార్చి వేస్తే అది పడ్డంత మేరే కనిపిస్తుంది. ఆపేస్తే లైను మొత్తం కనిపిస్తుంది” అన్నారు. అప్పుడది ఉద్యోగం కబురు. ఆ రాత్రి అది నాకోసం దాచి ఉంచిన మాటలా వచ్చింది.

ఏడ్చాను. ధైర్యం గల మనిషి అన్న పేరు పక్కన పెట్టి, నోరు తెరిచి, గొంతు పూడిపోయేదాకా ఏడ్చాను. సమాధి దగ్గర పాడని పాట ఆ చీకట్లో నేనొక్కదాన్నే పాడాను. సగంలో మాటలు మర్చిపోయాను, రాగమే తీశాను. ప్రార్థనలో దేవుడితో అనకూడదు అనుకున్న మాటలు కూడా అన్నాను. జవాబేమీ వినపడలేదు. కానీ ఎదురుగా ఎవరో కూర్చుని, లేచి వెళ్ళకుండా వింటున్నట్టు మాత్రం ఉంది. “చీకటియు వెలుగును నీకు ఏకరీతిగా ఉన్నవి” అని కీర్తనల్లో చదవడం వేరు, లైటు ఆపేసి అది నిజమేనా అని కూర్చోవడం వేరు.

మర్నాటి నుంచి ప్రతి రాత్రీ అలాగే. అన్ని రాత్రుళ్ళూ అంత గొప్పగా గడవలేదు. కొన్నిసార్లు ఊరికే దోమలు కుట్టించుకుంటూ కూర్చున్నాను. మొక్కకైనా ఒక్క రాత్రితో పని జరగదు. మరులమాతంగికి ఒక్క పొడవైన రాత్రి చాలు గానీ చేమంతికి వరసగా వారాల తరబడి కావాలి. వీధి వైపు నుంచి లైటు పడకుండా బకెట్లకీ గేటుకీ మధ్య పాత దుప్పటి కట్టాను. స్టార్ మాత్రం ఎనిమిదింటిదాకా వెలిగించి తీసేసేదాన్ని. పక్కింటివాళ్ళు “ఏంటండీ మేడమ్, స్టార్ అప్పుడే ఆర్పేశారు?” అని అడిగారు. చేమంతులు నిద్రపోవాలి అన్నాను.

స్టార్ అంటే గుర్తొచ్చింది. మా ఒంగోలు సంఘాల పుట్టుకే చీకట్లో జరిగింది. 1854 జనవరి 1న, ఇంకా తెల్లారకముందు, అమెరికా మిషనరీ జ్యూయెట్ దొరగారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తం ఐదుగురు ఇక్కడి కొండ ఎక్కి ఈ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని మోకరించారు. అప్పటికి ఒంగోల్లో సంఘం లేదు. నెల్లూరు మిషను ఫలించడం లేదు, మూసేద్దామా అని 1853లో అమెరికాలో చర్చ జరిగింది. మ్యాపులో ఒంటరిగా ఉన్న ఆ ఒక్క చుక్క గుర్తుగా ఆ మిషనుకి లోన్ స్టార్, అంటే ఒంటరి నక్షత్రం, అన్న పేరు నిలిచిపోయింది. వాళ్ళు అడిగిన సేవకుడు, క్లౌ దొరగారు, ఒంగోలు వచ్చింది 1866లో. అంటే కొండ మీది ప్రార్థనకీ దానికీ మధ్య పన్నెండేళ్ళు. 1878 జూలైలో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఈ అంకె మా సండే స్కూలు పిల్లలందరికీ నోటికి వచ్చు. మధ్యలో గడిచిన ఆ పన్నెండేళ్ళ గురించి మాత్రం మేమెప్పుడూ పిల్లలకి చెప్పలేదు. పూత రోజు గురించి చెప్పుకుంటాం, రాత్రుల్ని వదిలేస్తాం.

జనవరి పండగలు అయ్యాక ఒక ఉదయం మొక్కలకి నీళ్ళు పోస్తూ కొమ్మ చివర చూశాను. ఆకు చిగురు ఉండాల్సిన చోట కొస మొద్దుబారి ఉంది. కళ్ళజోడు సరిచేసుకుని దగ్గరగా చూస్తే పెసరగింజంత ఆకుపచ్చ బొడిపె, దాని మీద చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి సర్దుకున్న సన్నని రేకులు. పక్కన ఇంకొకటి, ఆ కింద ఇంకొకటి. పదకొండు బకెట్లూ తిరిగి చూశాను. అన్నిట్లోనూ ఉన్నాయి. మెట్ల మీద కూర్చుని మా అమ్మాయికి ఫోన్ చేసి పెసరగింజ, పెసరగింజ అంటుంటే తనకి అర్థం కాక, “అమ్మా, బాగానే ఉన్నావా?” అని మూడుసార్లు అడిగింది.

ఫిబ్రవరి నెలాఖరుకి విచ్చుకున్నాయి. అప్పటికే లెంట్, ఈస్టర్‌కి ముందు వచ్చే ఉపవాస దినాలు, మొదలైంది. ఎండ ముదరడం వల్లనో ఏమో, ఆయన రోజుల్లో పూసినంత పెద్దవి కావు. నాకు చాలు. కాలేజీ రోజుల భూతద్దం బయటికి తీసి ఒక పువ్వుని విప్పదీసి చూశాను. చేమంతి ఒక పువ్వు కాదు, గుత్తి. మనం రేకు అనుకునే ప్రతిదీ ఒక పువ్వే, దాని అడుగున దాని సొంత అండాశయం ఉంటుంది. నడిమి పసుపు బొట్టులో ఉన్నవి ఇంకా చిన్న పూలు, బయటి వరసవి ముందు విచ్చుకుంటాయి, లోపలివి తర్వాత. ఇన్ని పూలు ఒక్క పువ్వులా కనబడటం గురించి సంఘానికి చెప్పొచ్చు, మంచి ప్రసంగం అవుతుంది. ఆ రోజు నాకు ప్రసంగం పట్టలేదు. ఒకటి తుంచి తలలో పెట్టుకుని ఆదివారం ఆరాధనకి వెళ్ళాను.

ఇది ఎందుకు రాస్తున్నానో మన ఆడవాళ్ళకి తెలుస్తుంది. భర్త పోయిన మనిషికి పేరంటంలో పూల పళ్ళెం అందకుండా పక్కకి జరిగిపోతుంది. క్రైస్తవుల ఇళ్ళల్లో ఇది లేదు అంటారు. ఉంది. పెళ్ళిళ్ళలో నేను చూశాను, నాకు జరిగింది. విధవరాలి రెండు కాసుల్ని అందరి కానుకల కన్నా ఎక్కువ అన్న ప్రభువుని నమ్ముకున్నవాళ్ళం, ఒక పువ్వు దగ్గర ఆగిపోతున్నాం. ఆ ఆదివారం కొందరు చూశారు. ఎవరూ ఏమీ అనలేదు. వెనక వరసలో కూర్చునే ఒక పెద్దావిడ, ఆమె భర్త పోయి చాలా ఏళ్ళయింది, బయటికి వస్తుంటే నా చెయ్యి పట్టుకుని “ఇంకొకటి ఉందా అమ్మాయ్” అని అడిగింది. మరుసటి వారం తీసుకెళ్ళాను.

ఆ యేడు ఈస్టర్ మార్చి 31న వచ్చింది. తెల్లవారుజామున సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి ఆరాధన చేసుకోవడం మాకు అలవాటు. ఆయన పోయాక నేను వెళ్ళలేదు, ఇంట్లోనే ప్రార్థన చేసుకునేదాన్ని. ఈసారి నాలుగింటికే లేచాను. చేమంతులు చాలా మటుకు వాడిపోయాయి. చివరి కొమ్మలవి, చిన్నవి, తొమ్మిది దొరికాయి. టార్చి పట్టుకుని వాటిని కోసి, తడి గుడ్డలో చుట్టుకుని, పక్క వీధి వాళ్ళ ఆటోలో వెళ్ళాను.

గేటు దాటి లోపలికి వెళ్ళాక టార్చి ఆపేశాను. దూరంగా కొవ్వొత్తులు, మనుషుల నీడలు. దారి కనిపించింది. ఆయన సమాధి దగ్గర కూర్చుని పూలు పెట్టాను. పాస్టరు గారు యోహాను ఇరవయ్యో అధ్యాయం చదువుతున్నారు. “ఇంకను చీకటిగా ఉన్నప్పుడు” మగ్దలేనే మరియ వచ్చింది అని. నేను తలెత్తాను. ఆమె వచ్చేసరికే రాయి తీసి ఉంది. అంటే ఆ పని జరిగింది చీకట్లోనే. ఎవరూ చూడలేదు, ఎవరి దీపమూ దాని మీద పడలేదు. సూర్యుడు వచ్చాక మనం చూసింది అప్పటికే జరిగిపోయినది. తిరిగి లేచిన ప్రభువుని చూసి ఆమె తోటమాలి అనుకుంది. నేను అక్కడ ఆగిపోయాను, మిగతా వాక్యం చెవిన పడలేదు. పొరబడింది అంటాం గానీ, ఆమె అంత పొరబడిందని నాకనిపించదు. ఆ తోటమాలి రాత్రంతా పనిలో ఉన్నాడు.

తర్వాత 2024 చలికాలంలో పన్నెండు బకెట్లూ పెరట్లోకి మార్చేశాను. పగిలిన బకెట్‌కి అడుగున రేకు ముక్క పెట్టించాను, దాన్ని మాత్రం మార్చబుద్ధి కాలేదు. డిసెంబరులో సమయానికే పూశాయి. క్రిస్మస్ రోజు చర్చికి మళ్ళీ మా ఇంటి నుంచి బుట్ట వెళ్ళింది. వరండా లైటు ఇప్పుడు రాత్రి తొమ్మిదిన్నరకి ఆపేస్తాను. ఎవరైనా వచ్చేది ఉంటే వేసి ఉంచుతాను, వాళ్ళు వచ్చాక ఆపుతాను.

మొన్న కొమ్మలు కోసేస్తుంటే రెండిళ్ళ అవతల కొత్తగా దిగిన అమ్మాయి గోడ మీద నుంచి చూసి, “ఆంటీ, నాకో పిలక ఇస్తారా” అంది. పోయిన సంవత్సరం ఆమెకి నెలలు నిండకుండానే బిడ్డ పోయిందని వీధిలో విన్నాను. ఆమె ఇంట్లో కూడా అర్ధరాత్రి రెండింటికి లైటు వెలుగుతూ ఉండటం నా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. మూడు పిలకలు వేళ్ళతో సహా తీసి పెరుగు డబ్బాలో మట్టి వేసి ఇచ్చాను. నీళ్ళు రోజు విడిచి రోజు, ఆగస్టులో తల తుంచాలి, మర్చిపోతే నన్ను పిలువు అని చెప్పాను.

“ఎక్కడ పెట్టమంటారు? ముందు గేటు దగ్గర స్తంభం లైటు ఉంది, అక్కడైతే రాత్రి కూడా కనిపిస్తుంది” అంది.

“అక్కడ వద్దమ్మా,” అన్నాను. “పెరట్లో పెట్టు. ఒకరోజు రాత్రి నేను వచ్చి చోటు చూపిస్తాను. లైట్లన్నీ ఆపి ఉంచు.”